వేగంగా తరిమే బీగిల్ కోసం రెండు ఈతలు: నా అనుభవం

బీగిల్ అంటే వాసన పట్టి, అరుస్తూ కుందేళ్లను తరిమే చిన్న వేటకుక్క. మెరుపు అనే మగ బీగిల్‌ని కొన్నప్పుడు వేగమంటే కాళ్ల వేగమనే అనుకున్నాను. ఒకే ఈతలో పుట్టిన పిల్లలన్నిటినీ ఆవరణలో వదిలితే వాడే అందరికంటే ముందు పరుగెత్తాడు. అది చూసి ఇంకేమీ ఆలోచించకుండా తెచ్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి వాడితో సమానంగా ఉరికే ఆడకుక్కని వెతికి జత కట్టించాను. ఐదు పిల్లలు పుట్టాయి. మూడు తండ్రిలాగే కుందేలు వాసన జాడ దాటి దూసుకుపోయేవి. ఒకటి వాసన లేకపోయినా అరిచేది. ఆ అరుపు నమ్మి మిగతా కుక్కలు అటు పరుగెత్తేవి, ఈలోగా కుందేలు ఇంకో దారిన వెళ్లిపోయేది. రెండేళ్ల శ్రమ అలా పోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే ముందు కుందేలు గురించి చెప్పాలి. అమెరికాలో మేం వేటాడేది కాటన్‌టెయిల్ కుందేలుని. అది తనకు అలవాటైన చోటు వదిలి దూరం పోదు. పొదలోంచి లేపితే ఒక చుట్టు తిరిగి, దాదాపు లేచిన చోటికే వస్తుంది. వేటగాడు అక్కడే నిలబడి ఎదురుచూస్తాడు. కుక్క దాన్ని పట్టుకోనక్కర్లేదు, ఆగకుండా కదిలిస్తూ ఉంటే చాలు. కానీ కుందేలు తిన్నగా పరుగెత్తదు. తను వచ్చిన దారినే కొంత వెనక్కి వెళ్లి, ఒక్కసారిగా పక్కకి దూకుతుంది. జాడ అక్కడ తెగిపోతుంది. దీన్నే వేటవాళ్లు ‘చెక్’ అంటారు. మెరుపు అలాంటి చోట నలభై యాభై గజాలు ముందుకు పోయి, ఎక్కడ తప్పిందో తెలియక పెద్ద పెద్ద సున్నాలు చుట్టేవాడు. వాడు మరీ మీదపడి తరిమిన రోజుల్లో కుందేలు చుట్టు పూర్తిచేయకుండానే ఏదో బొరియలో దూరిపోయేది.

చాలా ఏళ్లుగా బీగిళ్లను పెంచుతున్న ఒక పెద్దాయన నాతో ఒక ఉదయమంతా పొలంలో నిలబడి, చివరికి ఒక్క మాటన్నారు: ‘కుక్క పరుగు చూడకు. అది అరవకుండా ఉన్న నిమిషాలు లెక్కపెట్టు.’ బీగిల్ జాడ మీద ఉన్నంతసేపూ అరుస్తుంది, అరుపు ఆగిందంటే జాడ తప్పినట్టే.

ఆ చలికాలమంతా స్టాప్‌వాచ్, నోట్‌బుక్ పట్టుకునే తిరిగాను. ఒక్కో చుట్టుకి ఎంతసేపు పట్టింది, ఎన్ని చెక్‌లు వచ్చాయి, ఒక్కోదానికి ఎంత సమయం పోయింది, చివరికి జాడ మళ్లీ పట్టింది ఎవరు. తేమ నేల మీద, పొడి గాలిలో, మంచు కరుగుతున్నప్పుడు విడివిడిగా రాశాను. పొడి గాలి ఉన్న రోజున ఏ కుక్కకైనా సగం బలం పోయినట్టే ఉంటుంది. ఒక్క రోజు చూసి కుక్క మీద తీర్పు చెప్పకూడదని అప్పుడు అర్థమైంది. నోట్‌బుక్‌లో తేలింది ఇది: మెరుపు చుట్టులో దాదాపు సగం సమయం నిశ్శబ్దమే. ఆ పెద్దాయన దగ్గర తెచ్చుకున్న చుక్క పదమూడు అంగుళాల ఎత్తున్న చిన్న ఆడకుక్క. పక్కపక్కన పరుగెత్తిస్తే మెరుపు కంటే వెనకబడుతుంది. కానీ జాడ తెగగానే అక్కడే ఆగి, ముక్కు నేలకి ఆనించి, చిన్నగా వెతికి, మళ్లీ గొంతెత్తేది. చుట్టు మాత్రం ఎప్పుడూ అదే ముందు ముగించేది. నాకు కావలసిన వేగం అదే.

ఇక చుక్కకి మగకుక్కని వెతకాలి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్కలో బీగిల్ పదిహేను అంగుళాల ఎత్తు దాటకూడదు, కాబట్టి కాళ్లు పొడుగు చేసి వేగం తెచ్చుకుందామంటే కుదరదు. ఫీల్డ్ ట్రయల్స్‌లో, అంటే పొలంలో వేటకుక్కలకి పెట్టే పోటీల్లోనూ రకాలున్నాయి. బ్రేస్ ట్రయల్స్‌లో రెండు మూడు కుక్కలనే వదులుతారు, జాడ మీద కచ్చితత్వానికే విలువ. అందుకోసం తరాల తరబడి ఎంచిన కుక్కలు చాలా నెమ్మది. ఉత్తరాది మంచు కుందేళ్ల వెనక పెద్ద గుంపుగా తరిమేవి ఇంకో రకం. నేను చిన్న గుంపు ట్రయల్స్ వైపు వెళ్లాను. మా వేటకి అదే దగ్గరగా అనిపించింది. ఒక మగకుక్క నచ్చింది. మూడు వేర్వేరు రోజులు వెళ్లి చూశాను, అందులో ఒకటి పొడి గాలి రోజు. గెలిచిన రిబ్బన్ల కంటే అది కన్న పిల్లలు ఎలా తరుముతున్నాయనేదే ఎక్కువ చూశాను. ఇలాంటి గుణం ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. కుక్క గొప్పదైనా పిల్లలకి అది దిగకపోవచ్చు.

వంశవృక్షం చూస్తే రెండింటికీ ఒక తాత ఉమ్మడిగా ఉన్నాడు. లెక్క వేస్తే పిల్లల్లో అంతఃప్రజనన గుణకం, అంటే తల్లిదండ్రుల దగ్గరి బంధుత్వం వల్ల ఒకే పూర్వీకుడి జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం, 3.125 శాతం. సగం తోబుట్టువులను కలిపితే అది 12.5, సొంత తోబుట్టువులైతే 25. ఈ మాత్రం నేను ఒప్పుకున్నాను. తర్వాత డీఎన్‌ఏ పరీక్షలు. బీగిళ్లలో మస్లాడిన్ లూకీ సిండ్రోమ్ అనే జబ్బుంది, కీళ్లు, చర్మం బిగుసుకుపోతాయి. ఫ్యాక్టర్ సెవెన్ లోపం ఇంకొకటి, రక్తం గడ్డకట్టడానికి సంబంధించింది. చుక్క ఈ రెండో దానికి వాహకమని, అంటే తనకి జబ్బు లేకపోయినా దాని జన్యువుని మోస్తోందని రిపోర్ట్ వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మగకుక్క రిపోర్ట్‌లో ఆ లోపం లేదని తెలిశాక ఊపిరి పీల్చుకున్నాను. అలాంటప్పుడు పిల్లలు కొన్ని వాహకాలు కావచ్చు కానీ జబ్బు రాదు. రెండింటికీ బ్రూసెల్లా (జత కట్టినప్పుడు అంటుకుని గర్భం పోయేలా చేసే బ్యాక్టీరియా) పరీక్ష కూడా చేయించాం. ఇది మాత్రం ఎవరూ వదిలేయకండి.

చుక్క ఎదకు వచ్చాక రోజులు లెక్కపెట్టుకుని వెళ్లలేదు, రక్తంలో ప్రొజెస్టెరాన్ (జతకి సరైన రోజు తెలిపే హార్మోన్) చూపించుకుంటూ వెళ్లాం. రెండు రోజుల తేడాతో రెండుసార్లు జత కట్టించాం. తొమ్మిది వారాలు దగ్గరపడ్డాక రోజుకి మూడుసార్లు థర్మామీటర్ పెట్టాను. ఒక సాయంత్రం 37 డిగ్రీల కిందకి దిగింది. ఇరవై నాలుగు గంటల్లో ఈనుతుందనడానికి అదే గుర్తు. తెల్లవారేలోగా ఆరు పిల్లలు పుట్టాయి. పుట్టిన పిల్లలు తమ ఒంటి వేడిని తాము నిలుపుకోలేవు. హీట్ ల్యాంప్ పెట్టినా, రెండో రాత్రి చిన్న ఆడపిల్ల మూలకి పాకి చల్లబడిపోయింది. నా చొక్కా లోపల పెట్టుకుని కూర్చున్నా బతకలేదు. దాని చోటు ఇప్పటికీ నోట్‌బుక్‌లో ఖాళీగా ఉంచాను.

ఎనిమిది వారాల పిల్లలో వేగం ఎవరికీ కనబడదు. కుందేలు చర్మాన్ని గడ్డి మీద వంకరగా ఈడ్చి, ఆ వంపు దగ్గర ఏది ఆగి తిరుగుతుందో చూశాను. ముందుగా చివరికి చేరినదాన్ని ఎంచుకోలేదు. రెండింటిని ఉంచుకుని, మిగతా మూడింటిని ప్రేమగా చూసుకునే ఇళ్లకి ఇచ్చాను. ఆరో నెల నుంచి వాటిని తల్లితో మాత్రమే వదిలాను. మెరుపు లాంటి కుక్కతో వదిలితే పిల్ల తన ముక్కుని కాక ఇతరుల అరుపుని నమ్మడం నేర్చుకుంటుంది. మొదటి ఈతలో నేను చేసిన ఇంకో తప్పు అదే.

పదకొండో నెలలో ఒక ఉదయం, మంచు కరిగి నేల తడిగా ఉంది. కుందేలు పాత బండిబాట వెంట పోయి పక్కకి దూకింది. చుక్క నాలుగడుగులు ముందుకు పోయి ఆగింది. పిల్లవాడు ఆ మలుపు దగ్గరే తిరిగి, తోక ఊపి, గొంతెత్తాడు. స్టాప్‌వాచ్‌లో పద్దెనిమిది సెకన్లు. అప్పటిదాకా ఆ పిల్లల అరుపుని ఒక్కసారి కూడా పట్టించుకోని చుక్క తల ఎత్తి విని, వెనక్కి తిరిగి, కొడుకు వైపు పరుగెత్తింది.