మైలేజీ తగ్గిన కారు, తప్పు చెప్పిన ఆక్సిజన్ సెన్సర్: నా అనుభవం

నేను నెల్లూరులో ఉంటూ కావలిలో ఉద్యోగం చేస్తున్నాను. హైవే మీద ఒక వైపుకు సుమారు 55 కిలోమీటర్లు. వారానికి ఐదు రోజులు, ఇద్దరు సహోద్యోగులతో కలిసి నా కారులోనే వెళ్లి వస్తాము. అది 2017లో కొన్న బీఎస్-4 పెట్రోలు బండి. ఖర్చు ముగ్గురమూ పంచుకుంటాము కాబట్టి ఎన్ని లీటర్లు పోయించామో, అప్పటికి మీటరు ఎంత తిరిగిందో డైరీలో రాసుకునే అలవాటు మొదటినుంచీ ఉంది. లీటరుకు 16 కిలోమీటర్లకు తగ్గకుండా ఇచ్చిన బండి వేసవి దాటేసరికి 15కు, ఆ తర్వాత 14కు, దీపావళి నాటికి 12.4కు దిగిపోయినట్టు ఆ డైరీయే చెప్పింది. ఏసీ వాడకం తగ్గే నెలల్లో మైలేజీ పెరగాలి గాని తగ్గకూడదు.

రాత్రి బండి షెడ్డులో పెట్టాక పచ్చి పెట్రోలు వాసన వస్తోందని మా ఇంట్లో వాళ్లు రెండు మూడు సార్లు అన్నారు. సైలెన్సర్ మూతిలో వేలు పెట్టి తీస్తే కాటుకలాంటి మసి అంటుకుంది. అయినా డాష్‌బోర్డులో చెక్ ఇంజన్ లైటు వెలగలేదు. లైటు లేదు కాబట్టి కంప్లయింటు లేదని, ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు శుభ్రం చేస్తే సరిపోతుందని నేను మొదట వెళ్లిన వర్క్‌షాపులో చెప్పారు. ఇంజెక్టర్లు శుభ్రం చేయించి, ఎయిర్ ఫిల్టర్ మార్పించాను. తర్వాతి ట్యాంకు 12.5 ఇచ్చింది.

అప్పుడు స్టీరింగు కింద ఉండే సాకెట్టుకు తగిలించే చిన్న బ్లూటూత్ స్కానర్ ఒకటి కొన్నాను. ఫోనులో తెరిచి చూస్తే, లైటు వెలిగించే స్థాయికి ఇంకా రాని ఒక కోడ్ పెండింగులో కనిపించింది: పి0133. ఇంజను నుంచి వచ్చే పొగను మొదట పసిగట్టే ఆక్సిజన్ సెన్సర్ నెమ్మదిగా స్పందిస్తోందని దాని అర్థం. ఆ క్షణాన నాకు వచ్చిన ఆలోచన అందరికీ వచ్చేదే, సెన్సర్ మార్చేద్దామని. అయితే కోడ్ చెప్పేది లక్షణాన్నే గాని దాని కారణాన్ని కాదు. మూడు వేల రూపాయల పైబడిన వస్తువును ఊహ మీద కొనడం ఇష్టంలేక, ఆటోనగర్‌లో అందరూ భాయ్ అని పిలిచే పెద్ద మెకానిక్ దగ్గరకు ఆదివారం పొద్దున్నే వెళ్లాను. కార్బురేటర్ల రోజుల్లో ప్లగ్గు రంగు చూసి ట్యూనింగ్ చేసిన మనిషి ఆయన.

ఆయన స్కానర్ జోలికి పోకుండా ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పారు. నాలుగూ నల్లగా, పొడి మసితో ఉన్నాయి. తర్వాత నా ఫోను చూసి, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 21 శాతం ఉందని గమనించి ఇలా అన్నారు: "సార్, ప్లగ్గేమో పెట్రోలు ఎక్కువైందంటా ఉండాది. మీ కంప్యూటరేమో చాల్లేదని ఇంకా పోస్తా ఉండాది. రెండిట్లో ఒకటి అబద్ధం. ప్లగ్గుకు అబద్ధం చెప్పడం రాదు."

ఆ మాటతోనే దారి తెలిసింది. ఫ్యూయల్ ట్రిమ్ అంటే ఇంజను కంప్యూటర్ తన లెక్కకు మించి ఎంత పెట్రోలు కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో చెప్పే అంకె. అది సున్నాకు అటూ ఇటూ కొద్ది శాతంలో ఉండాలి. ఇంజెక్టర్ కారుతూ పెట్రోలు ఎక్కువైతే, సెన్సర్ ఆ సంగతి సరిగా చెబితే, కంప్యూటర్ పెట్రోలు తగ్గించి ట్రిమ్ మైనస్‌లోకి పోవాలి. ఎక్కడో గాలి పీల్చి నిజంగానే పెట్రోలు చాలకపోతే ట్రిమ్ ప్లస్‌లోకి పోతుంది గాని ప్లగ్గులు నల్లబడవు. ప్లగ్గు నల్లగా ఉండి ట్రిమ్ ప్లస్‌లో ఉందంటే ఆక్సిజన్ సెన్సర్ కంప్యూటర్‌ను తప్పుదోవ పట్టిస్తోందన్న మాట. వర్క్‌షాపులో ఈ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే ఇంజెక్టర్ల పని అవసరమే ఉండేది కాదని ఇప్పుడు తెలుస్తోంది.

ఈ సెన్సర్ లోపల జిర్కోనియాతో చేసిన ముక్క ఉంటుంది. అది సుమారు 300 డిగ్రీల పైన వేడెక్కాక, బయటి గాలిలోని ఆక్సిజన్‌నూ పొగలోని ఆక్సిజన్‌నూ పోల్చి చిన్న వోల్టేజి పుట్టిస్తుంది. పొగలో ఆక్సిజన్ మిగిలితే, అంటే పెట్రోలు తక్కువైతే, 0.1 వోల్టు, పెట్రోలు ఎక్కువైతే 0.9 దాకా. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి అనే గీత చుట్టూ కంప్యూటర్ మిశ్రమాన్ని అటూ ఇటూ ఊపుతూ ఉంటుంది కాబట్టి, మంచి సెన్సర్ గ్రాఫు పది సెకన్లలో ఎన్నోసార్లు పైకీ కిందికీ పోవాలి. చవక స్కానర్లు నెమ్మదిగా చదువుతాయి కనుక ఫోనులో మిగతావన్నీ తీసేసి ఆ ఒక్క గ్రాఫే పెట్టుకోవాలి. లేకపోతే మంచి సెన్సర్ కూడా మందకొడిగా కనిపిస్తుంది. ఇంజను బాగా వేడెక్కాక 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి చూస్తే, మాది పది సెకన్లలో రెండుసార్లు మాత్రమే కదిలింది, అదీ 0.55 దాటలేదు. పొగలోని విషవాయువులను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత ఉండే రెండో సెన్సర్ మాత్రం 0.8 దగ్గర కదలకుండా నిలబడి పెట్రోలు ఎక్కువైందనే చెబుతోంది.

ఇంత చూశాక కూడా భాయ్ సెన్సర్ తెమ్మనలేదు. ఇంజను నుంచి పొగను పోగుచేసే మానిఫోల్డ్ గొట్టం ప్యాకింగ్ కాలి సెన్సర్‌కు ముందు సందు ఏర్పడితే, పొగ దెబ్బ దెబ్బకూ మధ్య బయటి గాలి లోపలికి పోతుంది. ఆ ఆక్సిజన్‌ను చూసి మంచి సెన్సర్ కూడా పెట్రోలు చాల్లేదనే అంటుంది. అందుకని బండిని రాత్రంతా ఆయన దగ్గరే ఉంచి, తెల్లవారి చల్లటి ఇంజను స్టార్ట్ చేయించి, సైలెన్సర్ మూతికి తడి గోనెపట్టా కొద్ది సెకన్లు అడ్డం పెట్టమన్నారు. మానిఫోల్డ్ దగ్గర చెవి పెట్టి విన్నారు, అతుకుల మీద సబ్బు నురగ పూసి చూశారు. బుడగ రాలేదు, చిటపట లేదు.

చివరి పరీక్ష కోసం ఇంజను మళ్లీ వేడెక్కించారు. ఒక వాక్యూమ్ పైపు ఊడదీస్తే గాలి ఎక్కువై గ్రాఫు వెంటనే కిందికి పడింది. పైపు తిరిగి పెట్టి, ఇంజను గాలి పీల్చే ఇన్‌టేక్‌లోకి కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొద్దిగా వదిలారు. ఇంజను శబ్దం మారింది. మంచి సెన్సర్ అయితే గీత ఒక్క గెంతున 0.9 దగ్గరకు పోవాలి. మా ఫోనులో అది మూడు సెకన్ల పాటు మెట్లెక్కే ముసలివాడిలా పాకుతూ 0.58 దగ్గర ఆగిపోయింది. "ఇప్పుడు తెచ్చుకోండి సార్" అన్నారు భాయ్.

నాలుగు తీగల సెన్సర్, పాతదాని నంబరు చూపించి తీసుకున్నాను, 3,200 రూపాయలు. పాతది తుప్పు పట్టి ఉంటే విప్పేటప్పుడు మర దెబ్బతింటుందని తుప్పు వదిలించే నూనె కొట్టి కాసేపు ఆగి, ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు తీగ దూరే చీలిక ఉన్న 22 నంబరు సాకెట్టుతో విప్పారు. కొన మీద గోధుమరంగు గట్టి పెచ్చు కట్టి ఉంది. ఏడాది కిందట వాల్వ్ సీళ్లు పాడై బండి ఇంజనాయిలు తాగుతుంటే నేను మూడు నెలలు ఆలస్యంగా బాగుచేయించాను. ఆ కాలిన ఆయిలు బూడిదే ఇలా పేరుకుందని ఆయన అభిప్రాయం, నాకూ అదే సబబనిపించింది. కొత్తదాని కొనను చేత్తో తాకనివ్వలేదు, మర మీద తప్ప ఎక్కడా గ్రీజు అంటనివ్వలేదు. తర్వాత స్కానర్‌తో కోడ్‌నూ కంప్యూటర్ నేర్చుకున్న పాత లెక్కలనూ చెరిపేశాము.

కోవూరు దాటి కొడవలూరు వైపు వెళ్లి వచ్చేసరికి ట్రిమ్ ప్లస్ 3కు వచ్చింది, గ్రాఫు కుట్టుమిషను సూదిలా ఆడుతోంది. సెన్సర్ తీగ పీకేసి నడుపుకోమని నాకు ఒకరిద్దరు సలహా ఇచ్చారు; అలా చేస్తే కంప్యూటర్ కొలత మానేసి తనకు ముందే రాసిపెట్టిన లెక్క ప్రకారం పోస్తుంది కాబట్టి మైలేజీ తిరిగి రాదు. కాలకుండా పోయే పెట్రోలు కన్వర్టర్‌లో మండి దాన్ని కూడా చెడగొట్టవచ్చు, ఆ ఖర్చు సెన్సర్‌కు ఎన్నో రెట్లు.

మైలేజీ మాత్రం ఒక్క ట్యాంకుతో తేల్చుకోలేదు. అదే బంకులో, అదే పంపు దగ్గర, గన్ను మొదటిసారి ఆగినప్పుడే ఆపించి, నాలుగు ట్యాంకులు లెక్క రాశాను: 15.8, 16.4, 16.1, 16.5. మా వారం 550 కిలోమీటర్లకు దాదాపు పది లీటర్లు మిగులుతున్నాయి. రెండు వేల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ భాయ్ దగ్గరకు వెళ్లి ఒక ప్లగ్గు విప్పించాను. మసి లేదు, కొన లేత ఇటుక రంగుకు వచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి, గుడ్డతో కూడా తుడవకుండా తిరిగి బిగించారు.