మా అమ్మాయికి కావలిలో దొరికిన పని

అమెరికా నుంచి సెలవులకు తీసుకెళ్ళిన పిల్లలకు ఊళ్ళో తిండికి లోటుండదు, ముద్దుమురిపేలకు లోటుండదు. పనే ఉండదు. మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికందిస్తారు. ఎండలోకి పోనివ్వరు, వంటింట్లో కాలు పెట్టనివ్వరు. మొదట్లో బాగానే ఉంటుంది. తర్వాత ఫోను పట్టుకుని ఏసీ గదిలో కూర్చుంటారు. మనమేమో ఊరంటే వీళ్ళకి ఇష్టం లేదని బాధపడతాం. చుట్టంచూపుగా వెళ్ళిన ఇంట్లో ఎవరికైనా ఏం తోస్తుంది? ఎంత మర్యాద చేసినా చుట్టం చుట్టమే. ఊరు పిల్లలకు సొంతం కావాలంటే, వాళ్ళ చేతుల మీదుగా జరగాల్సిన పని ఒకటి అక్కడ ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. ఈ వేసవిలో కావలిలో మా పెద్దమ్మాయికి అలాంటి పని దొరికింది. మా అన్నయ్య పాత ఎలక్ట్రిక్ గిటార్ బాగుచెయ్యడం.

అన్నయ్య 1990ల్లో నెల్లూరు, ఒంగోలు మధ్య తిరిగే ఒక ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయించేవాడు. శ్రీరామనవమి పందిళ్ళు, వినాయక చవితి, పెళ్ళి రిసెప్షన్లు. బాలు గారు మావాడే అని చెప్పుకునే జిల్లా మాది, ఆయన పాటలు లేకుండా ఏ కచేరీ పూర్తయ్యేది కాదు. పాటలో వీణ బిట్ వస్తే వీణ, సితార్ వస్తే సితార్, అన్నీ గిటార్ మీదే పలికించాలి. తెల్లారుజామున ఇంటికొచ్చి, గిటార్ పెట్టె మంచం కింద పెట్టుకుని పడుకునేవాడు. కీబోర్డులు చవకయ్యాక, ఆ తర్వాత డీజేలు వచ్చాక ఆర్కెస్ట్రాలకు పిలుపులు తగ్గిపోయాయి. అన్నయ్య రొయ్యల మేత వ్యాపారంలోకి దిగాడు. గిటార్ అటకెక్కింది.

మా అమ్మాయికి 14 ఏళ్ళు. డాలస్‌లో శనివారం పొద్దున ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం క్లాసు, మిగతా రోజుల్లో స్కూలు బ్యాండులో గిటార్. మొదటిది అమ్మమ్మ కోసం, రెండోది తన కోసం అని దాని లెక్క. ఇంట్లో ఎవరూ చెప్పకపోయినా అక్కడ పెరిగే పిల్లలు ప్రతిదాన్నీ ఇటొకటి, అటొకటి సర్దేసుకుంటారు. ఊరగాయ జాడీల వెనక నుంచి అన్నయ్య ఆ పెట్టె దించితే "గిటార్ ఇక్కడికెలా వచ్చింది?" అని ఆశ్చర్యపోయింది. "ఎట్టా రావడమేంది? నువ్వు పుట్టకముందు నుంచీ ఇక్కడే ఉండాది" అన్నాడు వాడు. దాని ముఖం చూడాలి అప్పుడు.

గిటార్ పరిస్థితి బాగాలేదు. కావలికి సముద్రం ఎంతో దూరం లేదు. ఉప్పుగాలికి తీగలు తుప్పుపట్టి గరుకుతేలాయి. మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు, ఫ్రెట్లలో రాగి కలుస్తుంది కాబట్టి వాటికి పచ్చగా చిలుము పట్టింది. టోన్ కంట్రోల్ ఒకటి ఎప్పుడో ఊడిపోతే ఆ చిల్లు అలాగే వదిలేశారు. వెనక మూత విప్పి చూస్తే, ఆ చిల్లులోంచి దూరి కుమ్మరిపురుగు లోపల మట్టిగూడు కట్టేసుంది. వైర్ల మీద, కంట్రోళ్ళ మీద, మూలమూలా ఎర్రమట్టి గదులు. గూట్లో పురుగు లేదు, ఎండిన పొట్టు మాత్రం మిగిలింది. మా అమ్మ చూసి, కుమ్మరిపురుగు గూడు శుభమేనని, ఆ మట్టి పారెయ్యకుండా తులసికోటలో వెయ్యమంది. పిల్ల చీపురుపుల్లతో, పాత టూత్‌బ్రష్‌తో ఆ మట్టిని రాలగొడుతూ ఒక పూటంతా వరండాలో కూర్చుంది. నీళ్ళు తగలకూడదు, వైరు తెగకూడదు. ఎవరూ తొందరపెట్టలేదు.

అసలు పని ట్రంకు రోడ్డు పక్క సందులో రేడియోలు, టీవీలు బాగుచేసే పెద్దాయన దగ్గర మొదలైంది. మా అన్నయ్య ఆర్కెస్ట్రా రోజుల్లో వాళ్ళ ఆంప్లిఫయర్లన్నీ చూసింది ఆయనే. చేసిపెట్టమని అడగలేదు, నేర్పించమని అడిగాం. ఆయన పిల్లని ఒక నిమిషం ఎగాదిగా చూసి, స్టూలు లాగి కూర్చోమన్నాడు.

ఎలక్ట్రిక్ గిటార్‌లో ప్రాణమంతా పికప్‌లో ఉంటుంది. అయస్కాంతం చుట్టూ సన్నటి రాగి తీగను కొన్ని వేల చుట్లు చుడతారు. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే, పిల్లలు స్కూల్లో చదువుకునేదే. మా గిటార్‌లో రెండు పికప్‌లు. మీటర్ పెడితే ఒకటి ఏడు కిలో ఓమ్‌ల పైచిలుకు చూపించింది, అది బాగున్నట్టు. రెండోదానికి డిస్‌ప్లేలో ఎడమపక్క 1 ఒక్కటే నిలబడింది. ఎక్కడో తీగ తెగింది. కొత్తది తెప్పించుకోవచ్చు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, భూతద్దం తీశాడు. ఇలాంటి చుట్టలు చాలాసార్లు మధ్యలో తెగవు, బయటి వైరుకి అతికే కొసలో తెగుతాయి. అక్కడే తెగింది.

ఆ తీగ మందం సుమారు 0.06 మిల్లీమీటర్లు, దాదాపు తలవెంట్రుకంత సన్నం. దాని మీద ఉన్న పూత గీకితే తప్ప, కరిగించి అతికే లెడ్ అంటుకోదు. గట్టిగా గీకితే తీగే తెగుతుంది. గాలికి కదులుతోందని ఫ్యాన్ ఆపేశారు. రోళ్ళు పగిలే రోహిణి కార్తె, ఆ రేకుల షాపు. పిల్ల గడ్డం మీద నుంచి చెమట కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను పుస్తకంతో విసరబోతే ఆయనా అదీ ఒకేసారి వద్దన్నారు. "తీగనీ వైరునీ వేడి చెయ్యాల పాపా, లెడ్‌ని కాదు. అవి వేడెక్కితే లెడ్ దానంతటదే పారతది. మెరస్తా ఉంటే అతికినట్టు. బూడిద రంగులో ముద్దగా నిలబడిందంటే అతకలా, మళ్ళీ చెయ్యి." మళ్ళీ చేసింది. "ఎన్నిసార్లు చెప్పాల నీకు, చెయ్యి వణక్కుండా పట్టుకో" అని కోప్పడ్డాడు. మళ్ళీ చేసింది. మీటర్ పెడితే ఈసారి అంకెలు కదిలి, మొదటిదానికి దగ్గర్లోనే ఆగాయి. ఆయన మెచ్చుకోలేదు. "ఇంక మూత బిగించు" అన్నాడు, అంతే. అది నా వైపు చూసిన చూపులో ఉన్న ఆనందం అమెరికాలో ఏ సర్టిఫికెట్ తెచ్చినప్పుడూ నేను చూడలేదు.

వేలు కాల్చుకుంది కూడా. కుళాయి కింద చాలాసేపు పట్టించి పంపాడాయన. ఇంటికెళ్ళాక అమ్మ నా మీద విరుచుకుపడింది. "అంత దూరం నుంచి తీసుకొచ్చింది బిడ్డ చేతులు కాల్పించడానికా?" అమ్మమ్మలకీ తాతయ్యలకీ ఇది కష్టమే. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వచ్చే మనవరాలి చేత పని చేయించుకోవడం వాళ్ళకి తమ పరువు పోయినట్టు ఉంటుంది. పోట్లాడకుండా కూర్చుని మాట్లాడాను. దాన్ని మీరు కాలు కింద పెట్టనివ్వకపోతే అది ఎప్పటికీ చుట్టంలాగే వచ్చి చుట్టంలాగే పోతుందమ్మా అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం షాపుకి మజ్జిగ సీసా ఇచ్చి పంపింది.

అన్నిటికంటే ముందు ఆ పెద్దాయన నేర్పింది ఎర్త్ చూడటం. గిటార్ తీగలు ఆంప్లిఫయర్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ఆంప్లిఫయర్‌లో లీకేజీ ఉండి, ప్లగ్గులో ఎర్త్ సరిగ్గా లేకపోతే తీగలు పట్టుకున్న చేతికే షాక్. ఇక్కడ కరెంటు 230 వోల్టులు, అమెరికాలోలాగా 120 కాదు. పందిట్లో గిటార్ పట్టుకుని పాడుతుంటే మైకు పెదవికి తగిలి షాక్ కొట్టేదని అన్నయ్య చెప్పాడు. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నా గోడలో ఎర్త్ ఉందో లేదో పరీక్షించాకే గిటార్ ముట్టుకోవాలని ఆయన షరతు. ఇప్పుడు డాలస్‌లో కూడా చూసుకుంటోంది.

అన్నీ బిగించి పందిరి ఆంప్లిఫయర్‌కి తగిలిస్తే ఒకటే గుయ్యిమని రొద. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గాలి, తగ్గడం లేదు. తీగలు ఆనే బ్రిడ్జి కిందకు పోయే ఎర్త్ వైరు ఊడి ఉందని పిల్లే కనిపెట్టింది. అది అతికాక రొద చాలావరకు పోయింది. మిగిలిన కాస్త రొద విని "ఇక్కడ రొద శ్రుతి తక్కువగా ఉంది" అంది. నాకైతే తెలియలేదు. నిజమే, మన కరెంటు 50 హెర్ట్జ్, అక్కడ 60. ఇక్కడి రొద పడమటి స్వరాల్లో జీ దగ్గరుంటే, అక్కడిది బీ దగ్గరగా ఉంటుంది. పెద్దాయన ఆ సంగతి మళ్ళీ చెప్పించుకుని విన్నాడు.

మెడ వంగి ఉండటాన్ని పిల్లే సరిచేసింది. మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది, దాన్ని పావు చుట్టు తిప్పి, ఆగి, మళ్ళీ చూసుకోవాలి. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కితే మధ్యలో విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే చాలు. అన్నేళ్ళు వాయించినా ఆ కడ్డీ ఒకటుందని అన్నయ్యకు తెలియదు. మేనకోడలు చూపిస్తుంటే కళ్ళజోడు పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. "కదిలించబాక మామయ్యా!" అని ఒక కేక. వాడు కదలకుండా పట్టుకున్నాడు. ఆ మాట అది షాపులో నేర్చుకుంది. చేతిలో పని ఉన్నప్పుడు భాష దానంతటదే నోటికొస్తుంది.

ఊడిన టోన్ కంట్రోల్ చోట కొత్తది వేసి, దాన్ని తిప్పే నాబ్ మాత్రం ఉదయగిరిలో నర్ది చెక్కతో గరిటెలు చేసేవాళ్ళ చేత చేయించాం. కంట్రోల్ కాడ కొలత కాగితం మీద గీసి పంపితే, మా బంధువు ఒకరు అటు వెళ్ళినప్పుడు తెచ్చిపెట్టారు. లేత పసుపు రంగు, చేతికి నున్నగా ఉంటుంది. నల్ల గిటార్ మీద అదొక్కటీ కళ్ళకి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, నాకు చాలా నచ్చింది.

ఇక తీగల దగ్గర రభస. పిల్ల మొదటిసారి వాయించింది దాని రోజువారీ సాధన, ఐదు స్వరాల మైనర్ పెంటటానిక్. వంటింట్లోంచి అమ్మ "శుద్ధ ధన్యాసి కదే, ఎవరు నేర్పారు?" అంది. స గ మ ప ని, అవే స్వరాలు. చిన్నప్పుడు అమ్మ కొన్నాళ్ళు సంగీతం నేర్చుకుంది. కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి "గాంధారం అట్టా మొద్దుగా నిలబెడతారా? ఊపాల" అని పాడి చూపించింది. తీగను పక్కకి లాగి ఆ ఊపు తెద్దామంటే లావు తీగలు వంగడం లేదు. తీగల మందాన్ని గేజి అంకెతో చెబుతారు, అంకె పెరిగితే తీగ లావు. అన్నయ్య తనకు అలవాటైన 11 గేజి వేయించాడు. ఆర్కెస్ట్రా రోజుల్లో మద్రాసు ఎవరు వెళ్ళినా మౌంట్ రోడ్డులో 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్‌లో తీగలు కొని తెమ్మనేవాడు, తెల్లవార్లూ వాయించినా శ్రుతి తప్పకూడదంటే లావు తీగలే ఉండాలని వాడి పట్టు. అమ్మమ్మ గాంధారం రావాలంటే 9 వెయ్యాలని దీని పట్టు. ఇద్దరూ గొంతు పెంచి, భోజనాల దగ్గర కూడా అదే గొడవ. చివరికి 9 వేశారు, శ్రుతి కొంచెం తరచుగా చూసుకోవాల్సి వస్తోంది. అన్నయ్య ఇప్పటికీ ఒప్పుకోడు.

ఈ పోట్లాట చూస్తే నాకు కడుపు నిండింది. ఇదివరకు మామయ్యతో దాని మాటలు "బాగున్నావా, బాగా చదువుతున్నావా, తిన్నావా" దగ్గరే ఆగేవి. చుట్టం పిల్లతో ఎవరూ పోట్లాడరు. తిట్టించుకున్నా, ఎదురు చెప్పినా, అలిగినా, అవన్నీ ఇంటివాళ్ళ హక్కులు. సెలవులకు వెళ్ళే ముందు పుట్టింటికి ఫోన్ చేసి ఏం తేవాలని అడుగుతాం. ఇంట్లో పాడై పడున్నవి ఏమున్నాయి, పిల్లల చేతికి ఏమివ్వొచ్చు అని కూడా అడగాలి. మిక్సీ అయినా, సైకిలైనా, కోళ్ళగూడు తలుపైనా సరే.

గిటార్‌ని మా అమ్మాయి డాలస్‌కి తేలేదు. తెచ్చుకుందామని నేనే అడిగాను, అది మామయ్యది కదా అంది. వానాకాలం రాగానే అన్నయ్య ఫోన్ చేశాడు. ఏడో ఫ్రెట్ దగ్గర మూడో తీగ జిర్రుమంటోందట. ఆకురాయి పెట్టి ఫ్రెట్ అరగదీస్తానంటాడు వాడు. మెడ మళ్ళీ కదిలుంటుంది, ముందు సందు కొలిచి చెప్పమంటుంది ఇది. వాడికి పొద్దున 7, మాకు రాత్రి 8:30. వీడియోలో విజిటింగ్ కార్డు పెట్టి కొలుస్తున్నారు. "నేనొచ్చేదాకా ఫ్రెట్ ముట్టుకోబాక మామయ్యా" అని గట్టిగా చెప్పేసింది. క్రిస్మస్ సెలవులకే వెళదామని అడుగుతోంది. టికెట్లు చూస్తున్నాం.