ఎనిమిది మిల్లీమీటర్లు

చెన్నై పెరంబూరులో పదిహేడేళ్లుగా జాకెట్లు కుడుతున్నా. మనిషి గుమ్మంలోకి వస్తుండగానే ఛాతీ కొలత అర ఇంచీ తేడాలో చెప్పేస్తా. అలాంటిదాన్ని, స్నానం చేస్తుంటే నా కుడి రొమ్ములో గట్టిగా చేతికి తగిలినదాన్ని మాత్రం దీపావళి ఆర్డర్లు అయ్యాక చూద్దాంలే అని ఆరువారాలు వదిలేశా. డాక్టరమ్మ కొలిస్తే నాలుగున్నర సెంటీమీటర్లు. ఇంటికొచ్చి టేపు మీద చూసుకున్నా. ఒకటిముప్పావు ఇంచీ.

బయాప్సీలో ట్రిపుల్ నెగెటివ్ రొమ్ము క్యాన్సర్ అని వచ్చింది. అంటే హార్మోన్ మాత్రలకి లొంగదు, హెర్‌టూ అనే ప్రోటీన్ మీద పనిచేసే మందులకీ లొంగదు. ముందు కీమో, ఆ తర్వాతే ఆపరేషన్ అన్నారు.

గూడూరు నుంచి మా ఆడబిడ్డ ఫోన్. "ఏంది వదినా, ఇంట్లో పామును పెట్టుకోని ఆర్నెల్లు ఎదురు చూస్తారా ఎవురన్నా? ముందు కోసి పారేయమను!" మా ఆయనదీ అదే పాట. నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనిపించింది. డాక్టరమ్మని అడిగితే తమిళం కలిసిన తెలుగులో ఒక్క మాటంది: "గడ్డ తీసేస్తే, మందు పనిచేస్తా ఉందా లేదా అని ఎక్కడ చూసేదమ్మా?"

మా అమ్మాయి బీఫార్మసీ రెండో సంవత్సరం. అది రాత్రంతా కూర్చుని చదివి చెప్పింది. అమెరికాలో 1988లో మొదలుపెట్టి 1,523 మంది ఆడవాళ్ల మీద చూశారట. కీమో ముందిచ్చినా వెనకిచ్చినా బతికినవాళ్ల లెక్కలో తేడా రాలేదు. కాకపోతే రొమ్ము మొత్తం తీయకుండా గడ్డ వరకే తీయగలిగింది ముందిచ్చినవాళ్లలో 68 శాతం మందికి, వెనకిచ్చినవాళ్లలో 60 శాతం మందికి. "తేడా లేనప్పుడు ఇంత తిప్పలెందుకే?" అన్నా. "ఆ రోజుల్లో, కీమో తర్వాత ఇంకా మిగిలితే ఏం చెయ్యాలో తెలీదమ్మా. ఇప్పుడు ఎంత మిగిలిందో చూసి దానికి మందేస్తారు" అంది. ఆ రోజు నాకు పెద్దగా ఎక్కలేదు.

మొదటి కీమోకి ముందు గడ్డ మధ్యలో చిన్న క్లిప్పు పెట్టారు. గడ్డ కరిగిపోతే సర్జన్‌కి చోటు తెలియాలిగా. అది మాత్రం ఎవరూ వివరించక్కర్లేకుండానే అర్థమైంది. గుడ్డ ఉతికితే చాక్ గుర్తు పోతుంది, అందుకే మేం కచ్చా కుట్టు వేస్తాం.

నాలుగు ఎర్ర కీమోలు, మూడు వారాలకోసారి. ఎక్కించిన రోజు ఒంటేలు కూడా ఎర్రగా వస్తుంది. ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే భయంతో చచ్చేదాన్ని. జుట్టు గురించి అందరూ రాస్తారు, నేను రాయను. నన్ను ఏడిపించింది ఆ తర్వాత పన్నెండు వారాలు ఎక్కించిన పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు. వేళ్ల కొసలు మొద్దుబారాయి. సూది పట్టుకున్నానో లేదో కళ్లతో చూసుకోవాలి. కాజా కుడుతుంటే రెండుసార్లు గుచ్చుకుంది, గుడ్డ మీద రక్తం చుక్క కనిపించాకే తెలిసింది. ఆ ఆర్డర్ తిరిగిచ్చేశా.

గడ్డ మాత్రం కరుగుతూ వచ్చింది. చివరి వారాల్లో వెతికినా చేతికి దొరకలేదు. మళ్లీ ఆడబిడ్డ ఫోన్. "పోయిందిగా వదినా, ఇంక ఆపరేషన్ దేనికి?" ఆర్నెల్ల కిందట ఎవరు కోసెయ్యమన్నారో గుర్తు చెయ్యబోయి ఊరుకున్నా. చేతికి తగలకపోవడం వేరు, లేకపోవడం వేరు. పది పాత ట్రయల్స్‌లోని, అంటే రోగుల మీద చేసిన వైద్య పరిశోధనల్లోని 4,756 మందిని కలిపి లెక్కేస్తే, 15 ఏళ్లలో అదే చోట తిరగబెట్టింది ముందు కీమో తీసుకున్నవాళ్లలో 21.4 శాతం, తర్వాత తీసుకున్నవాళ్లలో 15.9 శాతం. ఆ ట్రయల్స్ కొన్నిట్లో గడ్డ కరిగిందని కొందరికి అసలు ఆపరేషనే చెయ్యలేదట.

ఆపరేషన్ అయ్యాక పాథాలజీ రిపోర్టు వచ్చింది. "పీసీఆర్ రాలేదమ్మా" అంది డాక్టరమ్మ. కరోనా టెస్టు ఇప్పుడెందుకు అనుకున్నా! క్యాన్సర్ కణం ఒక్కటీ మిగలకపోతే దాన్నే పీసీఆర్ అంటారట. అలా అయినవాళ్లకి తిరగబెట్టడం బాగా తక్కువ, ముఖ్యంగా నాలాంటి ట్రిపుల్ నెగెటివ్ వాళ్లలో. నాకు ఎనిమిది మిల్లీమీటర్లు మిగిలింది. చంకలో గ్రంథులు శుభ్రంగా ఉన్నాయి. ఆ రెండో మాట నా చెవికెక్కలేదు. ఆర్నెల్లు చదివి ఫెయిలైనట్టు వరండాలో కూర్చుని ఏడ్చా.

రేడియేషన్ అయ్యాక కేపసైటబీన్ అనే కీమో మాత్రలు రాశారు. జపాన్, కొరియాల్లో ఇలా మిగిలిన 910 మంది మీద చూశారని అమ్మాయి చెప్పింది. ట్రిపుల్ నెగెటివ్ వాళ్లలో ఐదేళ్లకి బతికున్నవాళ్లు మాత్రలు వాడితే 78.8 శాతం, వాడకపోతే 70.3. నూటికి ఎనిమిది మంది ఎక్కువ. ముందే కోసేసి ఉంటే ఈ ఎనిమిది మిల్లీమీటర్ల సంగతీ తెలిసేది కాదు, ఈ మాత్రలూ నాదాకా వచ్చేవి కావేమో. అసలేమీ మిగలకపోయుంటే ఇంకా బాగుండేది, అబద్ధమెందుకు.

ఇప్పుడు అయిదో సైకిల్. పద్నాలుగు రోజులు మాత్రలు, ఏడు రోజులు సెలవు. అరచేతులు ఎర్రబడి పొలుసులు రాలుతున్నాయి, ఎంత క్రీమ్ రాసినా అంతే. మొన్న ఆడబిడ్డ కూతురి పెళ్లి జాకెట్ ముందేసుకున్నా. పట్టు మీద చెయ్యి పెడితే చాలు, పొలుసులకి దారాలు లేచొస్తున్నాయి. నూలు గ్లౌజులు తొడుక్కుని కత్తిరించా, మిషను మీద కుట్టా. హుక్కులు మా అమ్మాయి కుట్టింది. రెండు తిరగేసి కుట్టింది, చూసి కూడా విప్పించలేదు.