నా గేట్ ప్రిపరేషన్: డెడ్‌లాక్ నేర్పిన డీబీఎంఎస్

గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష)లో మూడంకెల ర్యాంకు వచ్చింది ఫ్రెండ్స్! అమ్మ స్కోర్ కార్డు మూడుసార్లు తెరిపించి చూసింది. సిలబస్, పేపర్ ప్యాటర్న్ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. కిందటిసారి నన్ను ముంచిన డీబీఎంఎస్ (డేటాబేస్‌ల సబ్జెక్టు) గురించే చెప్తాను.

అప్పట్లో షెడ్యూల్ (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లు, అంటే మొత్తంగా పూర్తవ్వాల్సిన డేటాబేస్ పనులు, ఏ వరుసలో చదివి రాస్తాయో చెప్పే పట్టిక) ఇస్తే వాటి మధ్య బాణాలు గీసి సైకిల్ ఉందో లేదో చూడటం వరకే నాకు వచ్చు. టూ ఫేజ్ లాకింగ్ (ఒక్క లాక్ వదిలాక ఇంక కొత్తది తీసుకోకూడదనే నియమం) పాటిస్తే డెడ్‌లాక్ (ఒకదాని లాక్ కోసం ఇంకోటి ఆగి రెండూ ఇరుక్కోవడం) కూడా రాదనుకున్నాను. ఎంఎస్‌క్యూలో (ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులు ఉండగల ప్రశ్నలో) ఆ ఆప్షన్ కూడా పెట్టాను. నెగెటివ్ లేదు సరే, రెండు మార్కులూ పోయాయి.

తర్వాత మాదాపూర్‌లో ఓ చిన్న కంపెనీలో చేరాను. అక్కడ వెబ్‌సైట్ సెషన్లన్నీ (ఒక్కో కస్టమర్ కార్ట్ లాంటి వివరాలు) మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ టేబుల్‌లో ఉండేవి. కస్టమర్ రెండు ట్యాబుల్లో ఒకేసారి కార్ట్‌లో వస్తువులు వేస్తే ఒకటే మిగిలేది. రెండు రిక్వెస్టులూ పాత సెషన్‌నే చదివి, దేని మార్పు అది కలిపి రాసేవి. ఆఖర్న రాసిందే నిలిచేది. పుస్తకంలో బట్టీ పట్టిన లాస్ట్ అప్‌డేట్ (ఒకరి మార్పు పోవడం) కళ్ల ముందు కనపడింది! చదివేటప్పుడే రోకి (టేబుల్‌లో ఒక వరుసకి) లాక్ వేసే సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ పెట్టాను. మొదటిది కమిట్ అయ్యేదాకా (మార్పులు ఖాయమయ్యేదాకా) రెండోది ఆగింది, కార్ట్ సరిపోయింది.

మర్నాడే ఎర్రర్ 1213, డెడ్‌లాక్. రాత్రి పదకొండు దాకా కూర్చుంటే తెలిసింది. కొత్త సెషన్‌కి టేబుల్‌లో ఇంకా రో లేదు. లేని రోని ఫర్ అప్‌డేట్‌తో అడిగితే ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్ లోపలి స్టోరేజ్ ఇంజిన్), డిఫాల్ట్ ఐసొలేషన్ స్థాయి రిపీటబుల్ రీడ్‌లో, ఆ ఖాళీ మీద గ్యాప్ లాక్ (అక్కడ ఇతరులు కొత్త రో ఇన్సర్ట్ చెయ్యకుండా ఆపే లాక్) వేస్తుంది. గ్యాప్ లాక్‌లు ఒకదానికొకటి అడ్డు కావు కాబట్టి రెండు ట్రాన్సాక్షన్లకీ దొరికాయి. ఇన్సర్ట్ దగ్గరికొచ్చేసరికి దీని కోసం అది, దాని కోసం ఇది. లాక్‌లు కమిట్ దాకా పట్టుకునే ఉన్నాయి, అంటే టూ ఫేజ్ పక్కాగా పాటించాం, అయినా ఇరుక్కున్నాం. ముందే సెషన్ ఐడీ పేరుతో గెట్ లాక్ (మనం చెప్పిన పేరు మీద మైఎస్‌క్యూఎల్ ఇచ్చే లాక్) తీసుకునేలా మార్చాను. అది కమిట్‌తో ఊడదు, రిలీజ్ లాక్ మనమే పిలవాలి.

మిగతావి అందరిలాగే: మ్యాథ్స్, ఆప్టిట్యూడ్, పాత పేపర్లు, టెస్టులు. ఉద్యోగం మానేయకపోతే ర్యాంకు రాదన్నారు కొందరు. మానేసుంటే ఈ చాప్టర్ నాకు ఎక్కేదే కాదు. రోజూ మెట్రోలో రీల్స్ చూసేవాళ్లే టైమ్ లేదంటారు, నాకు ఆ గంటే రివిజన్. ఇంకోటి, చిక్కడపల్లి లైబ్రరీలో సీటు పట్టుకుని టీ బండి దగ్గర కబుర్లు చెప్తే అది ప్రిపరేషన్ కాదు. కోపం రావొద్దు, కిందటేడు నేనూ ఆ బండి దగ్గరే ఉన్నాను.

ఇప్పుడు నోటీస్ పీరియడ్‌లో ఉన్నాను. ఆ గెట్ లాక్ ఎందుకు పెట్టానో కోడ్‌లో కామెంట్ రాసి వెళ్లాలి, లేదంటే తర్వాత వచ్చేవాళ్లు అనవసరమనుకుని తీసేస్తారు.