అండర్‌వుడ్ మొదటి మ్యాచ్ చూసొచ్చా

నిన్న రాత్రి కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్ల బిగ్ హౌస్‌కి వెళ్లాం, లక్షమంది పైనే పట్టే స్టేడియం అది, ఎటు చూసినా పసుపు టీషర్టులే. అందరూ వచ్చింది మిషిగన్ కొత్త క్వార్టర్‌బ్యాక్ (బాల్ విసిరి ఆట నడిపించేవాడు) బ్రైస్ అండర్‌వుడ్ కోసమే. స్కూల్ నుంచి కాలేజీ టీముల్లోకి వచ్చే కుర్రాళ్లలో దేశంలోనే నంబర్ వన్ రిక్రూట్, పక్కనే ఉన్న బెల్విల్ కుర్రాడు, ముందు ఎల్ఎస్‌యూకి (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మాటిచ్చి తర్వాత మనసు మార్చుకుని మిషిగన్‌కి వచ్చాడు. 18 నిండింది ఈ నెలలోనే, ఆ వయసులో మనం ఎంసెట్ కౌన్సెలింగ్ దగ్గర నాన్న వెనకాల నిలబడ్డాం 😅

నిజం చెప్పాలంటే మరీ అదిరిపోయే ఆటేం కాదు, కానీ కంగారు మాత్రం కనపడలేదు. మీదకి డిఫెన్స్ వాళ్లు దూసుకొస్తున్నా బాల్ పట్టుకుని ఇంకో క్షణం ఆగి చూసి మరీ విసురుతున్నాడు, నాకు అదే నచ్చింది. 31 పాసుల్లో 21 కరెక్ట్‌గా పడ్డాయి, 251 గజాలు, ఒక టచ్‌డౌన్ (బాల్‌ని అవతలి చివరి గీత దాటించడం, ఆరు పాయింట్లు). న్యూ మెక్సికో మీద 34-17తో గెలిచాం. అసలు బరువంతా మోసింది మాత్రం మన టీమ్‌లోనే ఉన్న జస్టిస్ హేన్స్, బాల్ పట్టుకుని పరిగెత్తి మూడు టచ్‌డౌన్లు చేశాడు, పాపం ఆయన గురించి ఎవడూ మాట్లాడట్లేదు.

వచ్చే శనివారం ఓక్లహోమా టీమ్‌తో మ్యాచ్, అదీ వాళ్ల గడ్డ మీద. అక్కడ ఇంత తీరిగ్గా విసరనివ్వరు బాబూ.