క్యాబినెట్‌కు ముందు అద్దం ఎవరి కోసం?

దుకాణంలో చూసిన అద్దాల పెట్టెలు ఇంత రాత్రయినా మనసులోంచి పోవడం లేదు కాబట్టి, వాటి సంగతి రాసేసి పడుకుంటాను. మేనల్లుడి కంప్యూటరుకు క్యాబినెట్, అంటే లోపలి భాగాలన్నీ బిగించే పెట్టె, కొందామని సాయంత్రం శ్రీకాకుళంలోని ఏడు రోడ్ల కూడలి వైపు వెళ్లాం. అక్కడ వరసగా పేర్చినవన్నీ ముందూ పక్కా అద్దాలే, లోపల రంగులు మార్చే ఫ్యాన్లే. గాలి ఎటు నుంచి లోపలికి వెళ్తుందని అడిగితే, అమ్మే కుర్రాడు అద్దానికీ చట్రానికీ మధ్య వేలు కూడా పట్టని సందు చూపించి, "ఇప్పుడు అందరూ ఇవే తీసుకుంటున్నారు సార్" అన్నాడు. నేను అడిగినదానికి అది జవాబు కాదు.

పైగా ఆ ఫ్యాన్ల తీగలు, వేడిని బట్టి వేగం మార్చగల మదర్‌బోర్డుకు (భాగాలన్నీ కలిసే ప్రధాన పలకకు) కాక, కరెంటు అందించే డబ్బా అయిన ఎస్‌ఎంపీఎస్ నుంచి వచ్చే పెద్ద ప్లగ్గుకే నేరుగా తగిలించేవి. అంటే వేడి ఉన్నా లేకపోయినా అవి ఒకే వేగంతో హోరుమంటూ తిరుగుతాయి, తగ్గించే వీలుండదు. ఫ్యాన్లు ఎన్ని ఉన్నా గదిలోని గాలికంటే చల్లగా లోపలి భాగాలను ఉంచలేవు. మే నెలలో, ఏసీ లేని మన గదిలో, గాలే ముప్పై అయిదు డిగ్రీలకు చేరినప్పుడు, ఆ కాస్త గాలికి కూడా అద్దం అడ్డం పెట్టడం ఏం తెలివో నాకు బోధపడలేదు. వాడు మాత్రం ఆ రంగుల దగ్గరే నిలబడి, "బాగుంది కదా మావయ్యా" అంటూ ఉన్నాడు. బాగానే ఉంది, కాదనను.

ఇంటికి వచ్చి, కొలతలు చూద్దామని పాత క్యాబినెట్ తలుపు విప్పగానే బల్లి గుర్తుకొచ్చింది. ఆ క్యాబినెట్ వెనక, కార్డులు (అదనంగా బిగించే చిన్న పలకలు) పెట్టే చోట రేకు పట్టీలు విరిచి తీసే రకానివి. ఒకసారి విరిస్తే మళ్లీ అతకవు. ఎప్పుడో బిగించిన కార్డును తీసేశాక ఆ సందు అలాగే తెరుచుకొని ఉండిపోయింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక, ఇంటికి కరెంటు వచ్చీ రాగానే మీట నొక్కితే, కంప్యూటరు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. విప్పి చూస్తే, తోక మదర్‌బోర్డు మీదా, తల ఫ్యాను రెక్కల మధ్యా పెట్టుకొని బల్లి చచ్చి పడి ఉంది. రేకు అంచుల్లో రంగు లేచి, తుప్పు పొడి చేతికి అంటుకుంది. "అది కూడా తల దాచుకుందామనే వచ్చిందిరా" అని అమ్మ దానిమీద జాలిపడింది గానీ, చచ్చిన కంప్యూటరు మీద పడలేదు. అప్పటి నుంచి ఏ క్యాబినెట్ చూసినా ముందు వెనక్కి తిప్పి, ఆ పట్టీలు స్క్రూలతో బిగించేవా, విరిచేవా అని చూస్తాను.

ముందువైపు జాలీ ఉన్నదే కొనాలని దారిలోనే నిశ్చయించుకున్నాను. తీరా పాత ఫ్యాను మీద కంబళిలా పేరుకున్న దుమ్ము చూశాక, మన వీధికి మూసి ఉన్న పెట్టే మేలేమో అనిపించింది. మళ్లీ ఆలోచిస్తే, ఇంత దుమ్ము ఆ మూసి ఉన్న పెట్టెలోనే చేరింది కదా! బయటికి తోసే గాలికంటే లోపలికి తీసుకునే గాలి ఎక్కువగా ఉంటే, సందుల్లోంచి గాలి బయటికే వెళ్తుంది, దుమ్ము చాలావరకు ఫిల్టరు దగ్గరే ఆగుతుంది. ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి, ముందు నుంచి లాగి కడుక్కోగల ఫిల్టరు ఉంటే జాలీయే నయం. పక్క అద్దానికి మాత్రం ఒప్పుకున్నాను, మేనల్లుడి ముఖం చూసి.

కొలతల్లో పేచీ లేదు. వాడిది మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజు మదర్‌బోర్డు, 244 మిల్లీమీటర్ల చదరం. తెరమీద బొమ్మలు చూపే గ్రాఫిక్స్ కార్డు పొడవు 285 మిల్లీమీటర్లు. పెట్టెమీద 330 దాకా పడుతుందని రాసి ఉన్నా, ముందు ఫ్యాను మందం 25 తీసేసి లెక్క చూసుకోవాలి. ఆ తీసివేత నేను చెప్పకుండానే వాడు స్కేలు పట్టుకొని చేశాడు, ఇవాళ్టికి నాకు ఆ సంతోషం చాలు.

ఇక మిగిలింది బల్ల. దాని అరకు వెనక చెక్క కొట్టి ఉంది కాబట్టి, ఏ క్యాబినెట్ పెట్టినా వేడి గాలి ఆ చెక్కకు తగిలి తిరిగి లోపలికే వస్తుంది. వడ్రంగిని పిలిచి ఆ చెక్క కోయించాకే డబ్బు కడతానని వాడితో చెప్పాను.