గ్యాస్ కొలిమి మంట కుదరాలంటే

పాత కమాను పట్టీతో కత్తి సాగగొట్టాలంటే ఇనుము 1,000 నుంచి 1,100 డిగ్రీల దాకా కాగాలి, ఆ రంగు నిలవాలి. సొంతంగా చేసుకున్న గ్యాస్ కొలిమిలో అంత వేడి రాకపోతే అందరూ ముందు రెగ్యులేటర్ తిప్పుతారు. లోపం చాలావరకు గాలి దగ్గరే ఉంటుంది. ప్రొపేన్ పూర్తిగా మండడానికి ఘనపరిమాణంలో దానికి 24 రెట్ల గాలి కావాలి, బ్యూటేన్‌కి 31 రెట్లు. మన సిలిండర్లో ఈ రెండూ కలిసే ఉంటాయి కాబట్టి, ప్రొపేన్ కోసం చెప్పిన కొలతల కంటే గాలి కొంచెం ఎక్కువే వదలాలి.

ముప్పావు అంగుళం పైపు 20 సెం.మీ. ముక్క, వెనక రెడ్యూసర్ (సైజు మార్చే పైపు జాయింటు), 0.8 మి.మీ. మిగ్ టిప్ (గ్యాస్ చిమ్మడానికి వాడే, మిగ్ వెల్డింగ్ గన్ చివరి సన్న రంధ్రం ముక్క): ఇలాంటి బర్నర్ ఒక్కటి 15 సెం.మీ. వెడల్పు, 30 సెం.మీ. పొడవున్న కొలిమి గుల్లకి సరిపోతుంది. గ్యాస్ తగిలించే ముందు టిప్ గుండా నీళ్లు వదిలి చూడండి. ధార పైపు గోడకి తగలకుండా నేరుగా బయటపడాలి. పక్కకి పోతే ఎంత తిప్పినా మంట కుదరదు.

చల్లటి కొలిమిలో మంట చూసి ఏదీ తేల్చకండి. కొలిమి మూతి దగ్గర ఇటుక పెట్టి, 0.5 బార్ మీద గోడలు ఎర్రబడేదాకా ఆగండి. ఇటుక జరిపితే లోపలి ఒత్తిడి మారి గాలి లెక్కా మారుతుంది, అందుకే పనిలో ఎలా ఉంటుందో అలాగే ఉంచి సర్దాలి. మూతిలోంచి నారింజ రంగు మంట బారుగా వస్తుంటే గాలి తక్కువ. చోక్ (బర్నర్ వెనక గాలిని తగ్గించి పెంచే మూత) కొద్దికొద్దిగా తెరుస్తూ పొండి. మంట కురచై, నీలిగా నాలుగు వేళ్లంత మిగిలినప్పుడు ఆపండి. ఇంకా తెరిస్తే మోత పెరుగుతుంది, ఇనుము మీద పొలుసు దళసరిగా లేస్తుంది. ఇనుము మీద బొరాక్స్ (అతుకు పెట్టేటప్పుడు చల్లే వెలిగారం) వేస్తే మంట ఎలాగూ పసుపెక్కుతుంది. అది చూసి చోక్ ముట్టకండి.

టప్ టప్‌మని మంట పైపులోకి వెనక్కి వస్తే వెంటనే గ్యాస్ కట్టేయండి. ప్రెజర్ మరీ తగ్గినా, పైపు బాగా కాగినా ఇలాగే అవుతుంది. భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా సముద్రపుగాలి తగిలే చోట బర్నర్ వెనక రేకు అడ్డం పెట్టాలి, గాలి రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు.

లోపల రెండు పొరల సెరామిక్ ఊలు, దానిమీద సెంటీమీటరు మందాన కాస్టబుల్ (వేడికి తట్టుకునే సిమెంటు లాంటిది) పూత తప్పనిసరి. పూత లేకపోతే బొరాక్స్ ఊలుని తినేస్తుంది, ఊలు నూగు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చల్లటి ఇనుము పెట్టినా వేడి పడిపోకుండా నిలిపేది కూడా ఆ పూతే.

వంటింటి రెగ్యులేటర్ 30 మిల్లీబార్లే ఇస్తుంది, పనికిరాదు. 19 కేజీల కమర్షియల్ సిలిండర్, హై ప్రెజర్ రెగ్యులేటర్ తీసుకోండి. సిలిండర్ మీద మంచు పట్టి ప్రెజర్ పడిపోతే మామూలు నీళ్ల తొట్టెలో నిలబెట్టండి, ఎప్పుడూ మంటతో వెచ్చచేయకండి. పాక నాలుగు వైపులా తెరిచే ఉండాలి. గాలి చాలని మంట కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, దానికి వాసన ఉండదు.